కుక్కకు జ్వరమొస్తే ఒక చుక్క రక్తం



ఈ రోజు నేను మాట్లాడబోయేది పెంపుడు కుక్కలకు వచ్చే రక్తపు జబ్బుల గురించి. నేను పశువైద్యురాలిని కాను. బీదరులో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే టీచరును. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చెప్పేది కన్నడం. అందువల్ల డాక్టరు ఉపన్యాసంలా కాకుండా, ఒక కుక్కను పోగొట్టుకుని మరో కుక్కను దక్కించుకున్న ఇంటి మనిషిగా నాలుగు మాటలు చెబుతాను. వైద్యానికి సంబంధించిన సంగతులు డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్నవి. మందుల పేర్లు కొన్ని చెబుతాను గాని మోతాదులు చెప్పను. అవి రేడియోలో విని వాడవలసినవి కావు.

మా ఇంట్లో మొదట రాణి అనే జర్మన్ షెపర్డ్ ఆడకుక్క ఉండేది. మా వారు హైదరాబాదు నుంచి నలభై రోజుల కూనగా ఉన్నప్పుడు తెచ్చారు. నాలుగేళ్లు మా ఇంటిని కాపలా కాసింది. మా అమ్మాయితో కలిసి పెరిగింది. ఒక ఏడు ఏప్రిల్ నెలలో ఉన్నట్టుండి అన్నం ముట్టడం మానేసింది. మా బీదరు ఎత్తు మీద ఉన్న ఊరే అయినా వేసవి ఎండ తక్కువేమీ కాదు. పాలు పోసే పెద్దాయన చూసి "వేడి చేసిందమ్మా, మజ్జిగ పొయ్యండి" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. మజ్జిగ పోశాను. మరునాడు ఒళ్లు కాలుతున్నట్టు తోచింది. ఇంట్లో మేం ఒంటినొప్పులకు వేసుకునే మాత్ర ఉంటే సగం విరిచి బెల్లంలో పెట్టి మింగించాను. జ్వరం కాస్త తగ్గినట్టే అనిపించింది. నాలుగో రోజున ముక్కులోంచి రక్తం కారింది. గేటుకు కొట్టుకుని ఉంటుందిలే అనుకున్నాం. ఆరో రోజున లేచి నిలబడలేకపోయింది. అప్పుడు ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

ఆయన ముందుగా దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు తెల్ల కాగితంలా ఉన్నాయి. "టీచర్, దీనికి పిడుదులు పడతాయా?" అని అడిగారు. "కుక్క అన్నాక పడవా సార్, కనబడితే తీసేస్తూనే ఉంటాం" అన్నాను. "ఇంట్లో మాత్రలేమైనా వేశారా?" అని అడిగారు. వేశానని చెప్పాను. ఆయన రక్తం తీసి పరీక్ష చేయించారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. సెలైను పెట్టారు, మందు మొదలుపెట్టారు, మరో కుక్క రక్తం ఎక్కించే మాట కూడా అనుకున్నారు. తెల్లవారుజామున రాణి పోయింది.

దానికి వచ్చిన జబ్బు పేరు ఎర్లిఖియోసిస్. డాక్టరు నన్ను తప్పు పట్టలేదు. కాని తెలిసి ఉండాలని ఒక మాట చెప్పారు. జబ్బు వల్ల రక్తం గడ్డకట్టే గుణం తగ్గిన కుక్కకు మనుషుల నొప్పి మాత్ర వేస్తే రక్తస్రావం ఎక్కువవుతుందట. కడుపులో పుండ్లు పడతాయట, మూత్రపిండాలు దెబ్బతింటాయట. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా అవి మంచివి కావట.

మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి, మా బడిలోనే. రెండు రోజులు ఏడ్చి, మూడో రోజున నన్నొక ప్రశ్న అడిగింది. "అమ్మా, మాకు మలేరియా పాఠం చెప్పింది నువ్వే కదా. జ్వరమొస్తే ముందు రక్తం చూపించాలని అందరిచేతా నోటుపుస్తకంలో రాయించావు కదా. మరి రాణికి ఎందుకు చూపించలేదు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ ప్రసంగానికి కారణం ఆ ప్రశ్నే.

మలేరియా పాఠం చెప్పేటప్పుడు మన ప్రాంతం టీచర్లకు కాస్త గర్వంగా ఉంటుంది. మనకు దగ్గరలో ఉన్న సికింద్రాబాదులోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రక్తంలోని క్రిమిని ఒక చిన్న పురుగు ఒక జంతువు నుంచి మరో జంతువుకు చేరవేస్తుందని అంతకు ముందే, 1893లో, అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పరిశోధకులు పశువుల విషయంలో రుజువు చేశారు. ఆ పురుగు దోమ కాదు, పిడుదు. ఆ జబ్బు కలిగించే క్రిమిని బబీసియా అంటారు. రుమేనియా శాస్త్రజ్ఞుడు విక్టర్ బాబెస్ 1888లో దానిని వర్ణించాడు. ఆయన పేరే క్రిమికి వచ్చింది. కుక్కకు కూడా ఇటువంటి జబ్బు పిడుదు వల్లనే వస్తుందని 1901లో దక్షిణాఫ్రికాలో లౌన్స్‌బరీ చూపించాడు.

ఈ కథలో మన దక్షిణ దేశానికి కూడా చోటుంది. 1910లో మద్రాసులో పాటన్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు, అక్కడి వేటక్లబ్బువారి వేటకుక్కల రక్తంలో ఒక కొత్త రకం బబీసియాను చూశాడు. తరువాత అదే క్రిమి నక్కల రక్తంలోనూ కనబడింది. దానినే ఇవాళ బబీసియా గిబ్‌సోనీ అంటున్నారు. జపాను, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో కూడా కుక్కలను పీడిస్తున్న ఈ క్రిమిని లోకం మొదట గుర్తించింది మన మద్రాసులో.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. పిడుదు. కొన్ని ఊళ్లలో గోమారి అంటారు. కన్నడంలో ఉణ్ణె, మరాఠీలో గోచీడ్. నాలుగు భాషలు కలిసే మా బీదరు బజారులో ఏ పేరుతో అడిగినా మందు ఇస్తారు, అందరికీ తెలిసిన పురుగే. కుక్కలకు ఎక్కువగా పట్టేది గోధుమరంగు పిడుదు. అది గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పుడు దానికి ఆరు కాళ్లు, తరువాత ఎనిమిది. పిల్లగా ఒకసారి, నడిమి దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి, మొత్తం మూడుసార్లు కుక్కను పట్టి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కుక్క మీదినుంచి దిగిపోయి గోడ పగుళ్లలో దూరుతుంది. చివరిసారి రక్తం తాగి శనగగింజంత లావైన ఆడపిడుదు గోడ సందులో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఒక్కొక్కటి నాలుగు వేల దాకా పెట్టవచ్చు. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. గుడ్లు, పిల్లలు కలుపుకుని లెక్కపెడితే, కుక్క ఒంటి మీద మనకు కనబడేవి కొద్ది. ఇంట్లో దాగినవే ఎక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పిడుదు రక్తం తాగేటప్పుడు దాని ఉమ్మితోపాటు క్రిములు కుక్క ఒంట్లోకి పోతాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది బబీసియా. ఇది ఎర్రకణాలలో దూరి వాటిని పగలగొడుతుంది. మన దేశపు కుక్కలలో దీని పెద్దరకం, చిన్నరకం రెండూ ఉన్నాయి. చిన్నరకమే ఇందాక చెప్పిన గిబ్‌సోనీ. ఇది కుక్కలు కొట్లాడుకుని ఒకదాన్నొకటి కరిచినప్పుడు రక్తం తగిలి కూడా అంటవచ్చు. రెండవది ఎర్లిఖియా. నిజానికి ఇది ఒక సూక్ష్మమైన బాక్టీరియా, కాని రక్తకణాలలోనే బతుకుతుంది కనుక డాక్టర్లు ఈ జబ్బుల వరుసలోనే చెబుతారు. 1935లో అల్జీరియాలో కుక్కలలో దీనిని గుర్తించారు. ఇది తెల్లకణాలలో చేరుతుంది, ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. మూడవది హెపటోజోవన్. ఇది 1905లో మన దేశంలోనే వర్ణించబడింది. ఇది పిడుదు కుట్టడం వల్ల రాదు. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ పిడుదును మింగితే వస్తుంది.

పిడుదుతో సంబంధం లేనిది ఇంకొకటి ఉంది, సర్రా. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు ఇప్పటి పాకిస్తానులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో ఈ క్రిమిని చూశాడు. పాములా మెలికలు తిరుగుతూ రక్తంలో ఈదుతుంది. దీనిని జోరీగలు మోస్తాయి. బర్రెలు, ఎడ్లు ఉన్న ఊళ్లలో కుక్కలకూ వస్తుంది. జబ్బుచేసిన పశువు పచ్చిమాంసం తిన్న కుక్కకు కూడా రావచ్చు. కుక్క కంటి మీద నీలం కలిసిన తెల్లపొర కమ్మడం, మొహం, కాళ్లు వాయడం దీని గుర్తులు. కంటికి దెబ్బ తగిలిందని చుక్కల మందు వేస్తూ కూర్చుంటే కుక్క చేజారుతుంది.

ఈ జబ్బులన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయి. కుక్క తిండి మానేస్తుంది. మూలకు పడుకుంటుంది. జ్వరం వస్తుంది. కుక్క ఒళ్లు మామూలుగానే మన ఒంటికన్నా వెచ్చన, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. కాబట్టి చేయి పెట్టి చూసి తేల్చకూడదు. ముక్కు తడిగా ఉంది కనుక జ్వరం లేదనడం కూడా సరికాదు. థర్మామీటరు పెట్టాలి. తరువాత చిగుళ్లు పాలిపోతాయి. బబీసియాలో మూత్రం కాఫీ రంగులోకి తిరగవచ్చు, కళ్లు పచ్చబడవచ్చు. ఎర్లిఖియాలో ముక్కు నుంచి రక్తం, పొట్ట మీది చర్మంలో ఎర్రటి చుక్కలు, మెడ కింద బిళ్లలు కట్టడం కనబడతాయి. హెపటోజోవన్ చాలాసార్లు పైకి తెలియదు. కొన్ని కుక్కలు చిక్కిపోయి, నడవడానికి బాధపడతాయి.

ఎర్లిఖియాలో మరో మోసం ఉంది. మొదటి జ్వరం రెండు నుంచి నాలుగు వారాలలో మందు లేకుండానే తగ్గిపోవచ్చు. ఇంటివాళ్లు కుదుటపడిందనుకుంటారు. క్రిమి మాత్రం ప్లీహంలో దాగి నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది. ఆ తరువాత కొన్ని కుక్కలలో ఎముకల మూలుగ దెబ్బతిని అన్నిరకాల కణాలూ పడిపోతాయి. ఆ దశలో వైద్యం కష్టం. జర్మన్ షెపర్డ్ జాతిలో ఈ జబ్బు ఎక్కువ తీవ్రంగా ఉంటుంది. మా రాణికి ఏప్రిల్ నెలలోనే మొదలైందో, అంతకు ముందు సంవత్సరం నాలుగు రోజులు నలతపడి తనంతట కోలుకున్నప్పుడే మొదలైందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ నలతను కూడా మేం అజీర్ణం అనుకున్నాం.

లక్షణాలు ఇలా కలగాపులగంగా ఉంటాయి కాబట్టే రక్తపరీక్ష కావాలి. అది పెద్ద ఆర్భాటం కాదు. చెవి అంచున సూదితో చిన్నగా గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు. గాజుపలక మీద పలుచగా పూసి ఆరబెడతారు. జీమ్సా అనే రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తారు. పెద్దరకం బబీసియా ఎర్రకణంలో జామకాయల జంటలా కనబడుతుంది. చిన్నరకం చిన్న ఉంగరంలా ఉంటుంది. ఎర్లిఖియా తెల్లకణంలో నేరేడుపండు రంగు గుత్తిలా కనబడుతుంది. హెపటోజోవన్ మందుగొట్టం ఆకారంలో ఉంటుంది. సర్రాకైతే రంగు కూడా వేయకుండా పచ్చిరక్తం చూస్తే చాలు, క్రిమి కదులుతూ ఉంటే పక్కనున్న ఎర్రకణాలు కూడా కదులుతాయి.

అయితే ఒక జాగ్రత్త. పలక మీద క్రిమి కనబడితే జబ్బు ఉన్నట్టే. కనబడకపోతే లేదని తేల్చలేం. క్రిములు తక్కువగా ఉన్నప్పుడు దొరకవు. ముఖ్యంగా ఎర్లిఖియా పలక మీద దొరకడం అరుదు. అందుకే డాక్టర్లు ప్లేట్‌లెట్లు, ఎర్రకణాల లెక్క కూడా చూస్తారు. జబ్బుకు ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను పట్టి చూపే కిట్లు ఉన్నాయి. క్రిమి జన్యుపదార్థాన్నే పట్టుకునే పి.సి.ఆర్. పరీక్ష ఉంది. ఒకే కుక్కలో రెండు క్రిములు కలిసి ఉండటం కూడా కద్దు. ఒకే పిడుదు రెండింటినీ మోయవచ్చు కదా.

రాణి పోయాక రెండేళ్లు కుక్క వద్దనుకున్నాం. తరువాత వానాకాలంలో ఒక ఊరకుక్క పిల్ల మా గేటు దగ్గర చేరింది. మా అమ్మాయి దానికి మోతి అని పేరు పెట్టింది. ఏడాది తిరిగాక ఒక ఉదయం మోతి రొట్టె ముట్టలేదు. పాలు పోసే పెద్దాయన ఈసారీ మజ్జిగ మాటే అన్నాడు. ఈసారి నేను వినలేదు. బడికి సెలవు పెట్టి పది గంటలకల్లా డాక్టరు దగ్గర ఉన్నాను. జ్వరం 104 డిగ్రీలు. కాలి నరం నుంచి తీసిన రక్తంలో ఏమీ కనబడలేదు. చెవి అంచు నుంచి మళ్లీ తీశారు. సన్నని రక్తనాళాలలో క్రిమి ఉన్న కణాలు ఎక్కువగా దొరుకుతాయట. చాలాసేపు వెతికి "రండి టీచర్, మీరూ చూడండి" అన్నారు. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు ఉల్లిపొర కణాలు చూపిస్తున్న నేను, అప్పుడు మొదటిసారి ఎర్రకణం లోపల అటువంటి ఉంగరాన్ని చూశాను. మద్రాసు వేటకుక్కల క్రిమి, బబీసియా గిబ్‌సోనీ.

వైద్యం సంగతి చెబుతాను. అన్ని క్రిములకూ ఒకే మందు లేదు, అందుకే క్రిమి ఏదో తేలాలి. ఎర్లిఖియాకు డాక్సీసైక్లిన్ అనే మందు సాధారణంగా ఇరవై ఎనిమిది రోజులు వాడతారు. రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తిరుగుతుంది. అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. అది పెద్ద పొరపాటు, క్రిమి పూర్తిగా పోకుండానే జబ్బు లోపల నిలుస్తుంది. ఆ మందు పాలతో కలిపి ఇవ్వకూడదు. అన్నంతో ఇచ్చి, తరువాత నీళ్లు తాగేలా చూడాలి. లేకపోతే గొంతు గొట్టం ఒరుసుకుపోతుంది. పెద్దరకం బబీసియాకు ఇమిడోకార్బ్, డిమినజీన్ అనే ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి. సర్రాకు కూడా డిమినజీన్ వాడతారు. ఇవి బలమైన మందులు. డిమినజీన్ మోతాదు మించితే మెదడు దెబ్బతింటుంది. కుక్క బరువు తూచి డాక్టరే ఇవ్వాలి. పశువులకు తెచ్చి మిగిలిన సీసా ఉంది కదా అని ఎవరిచేతనో పొడిపించకూడదు.

చిన్నరకం బబీసియా మొండిది. ఆ ఇంజెక్షన్లతో కుక్క కోలుకున్నా క్రిమి పూర్తిగా పోదు. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ అనే రెండు మందులు కలిపి పది రోజులు ఇవ్వడం దీనికి మంచి వైద్యమని చెబుతారు. అటోవాక్వోన్ మనుషుల మలేరియాకు కూడా వాడే మందే. అది దొరకనప్పుడు, ఖర్చు భరించలేనప్పుడు క్లిండామైసిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ కలిపి ఎక్కువ రోజులు ఇస్తారు. రక్తం బాగా తగ్గిన కుక్కకు మరో కుక్క రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఇచ్చే కుక్కకు కూడా ముందు ఈ పరీక్షలన్నీ చేయాలి, లేకపోతే రక్తంతోపాటు జబ్బునూ ఎక్కించినట్టవుతుంది.

మోతికి మందు పూర్తిగా వాడాం. ఒక్క పూట తప్పలేదు. మా అమ్మాయి కేలెండరు మీద గుర్తులు పెట్టింది. మోతి కోలుకుంది. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ చిగుళ్లు పాలిపోయాయి. మళ్లీ డాక్టరు, మళ్లీ పలక, మళ్లీ అదే ఉంగరం. నాకు ఏడుపొచ్చింది. "అన్నీ మీరు చెప్పినట్టే చేశాం కదా సార్" అన్నాను. ఆయన "పాత క్రిమే మళ్లీ తలెత్తి ఉండవచ్చు, కొత్త పిడుదు తెచ్చి ఉండవచ్చు. కుక్కకు నేను మళ్లీ మందిస్తాను. మీరు ఇంటికి వెళ్లి అది పడుకునే చోట గోడ చూడండి" అన్నారు.

మా బీదరు పాత ఇళ్ల గోడలు చాలావరకు ఎర్రరాయివి. భూగోళం పాఠంలో లేటరైట్ అంటాం. జల్లెడలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. మా పెరటి గోడ కూడా అదే రాయి. మోతి పడుకునే గోనెపట్టా తీసి, టార్చిలైటు వేసి చూశాం. మోకాలెత్తు నుంచి నా తలను మించిన ఎత్తు దాకా రాతి చిల్లులలో పిడుదులు. గోధుమరంగు గుడ్ల ముద్దలు. ఈ పిడుదుకు పైకి పాకే గుణం ఉంది. చూరు దాకా పోతుంది. మూడేళ్ల క్రితం రాణి కూడా ఆ గోడ పక్కనే పడుకునేది. కుక్క ఒంటి మీది పిడుదును ఏరుతూ కూర్చున్నామే గాని గోడవైపు ఎవరమూ తల ఎత్తి చూడలేదు.

ఆ ఆదివారం మొదలుపెట్టి గోడ పని పట్టాం. పట్టా కాల్చేశాం. గోడ చిల్లులు, గచ్చు పగుళ్లు సిమెంటుతో పూడ్పించి సున్నం వేయించాం. డాక్టరు రాసిచ్చిన మందు చెప్పినంత నీళ్లలో కలిపి, మోతిని పొరుగింట కట్టేసి, మూలమూలలా పిచికారీ చేయించాం. ఒకసారితో సరిపోదు. గుడ్ల మీద మందు పెద్దగా పనిచేయదు కనుక, అవి పొదిగి పిల్లలు బయటికి వచ్చే లెక్క చూసుకుని రెండు మూడు వారాలకొకసారి మళ్లీ మళ్లీ చేయాలి. అదే సమయంలో కుక్క ఒంటికీ మందు పడాలి. ఇప్పుడు మెడ వెనక వేసే చుక్కల మందులున్నాయి, మెడపట్టీలున్నాయి, నెలకొకసారి, కొన్నయితే మూడు నెలలకొకసారి మింగించే మాత్రలున్నాయి. ఏది తగినదో కుక్క వయసు, బరువు చూసి డాక్టరు చెబుతారు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మాట కూడా చెప్పాలి, కుక్కకు వాడే కొన్ని మందులు పిల్లికి విషం.

చేయకూడనివి కూడా చెప్పాలి. కిరోసిన్ పూయడం, బీడీ నిప్పు అంటించడం, చేనుకు కొట్టే పురుగుమందు కుక్కకు రాయడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. కిరోసిన్‌తో చర్మం కాలుతుంది, నాకితే ప్రాణానికే ముప్పు. పంట మందుతో పిడుదుకన్నా ముందు కుక్క చచ్చిన సందర్భాలు విన్నాను. పిడుదును చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి, సబ్బునీళ్లలో వేయాలి. గోటితో నలపకూడదు. పిడుదులు మనుషులకు కూడా ఒక రకం టైఫస్ జ్వరాన్ని తేగలవు. రోజూ ఒక్క ఐదు నిమిషాలు చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల మధ్య, చంకల్లో, తోక కింద వెతకండి. ఎర్లిఖియా వంటివి పిడుదు పట్టిన కొద్ది గంటల్లోనే ఎక్కగలవు, బబీసియాకు సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆదివారం చూద్దాంలే అనుకుంటే ఆలస్యమవుతుంది.

గోడ బాగుచేశాక మోతికి ఆ జబ్బు మళ్లీ పైకి రాలేదు. చిన్నరకం బబీసియా ఒకసారి వచ్చిన కుక్కలో క్రిమి కొంత మిగిలే అవకాశం ఉంది కనుక, ఏడాదికొకసారి రక్తం చూపిస్తాం. దానిని వేరే కుక్కలతో కొట్లాడనివ్వం. ఇంకో కుక్కకు రక్తమిచ్చే అవకాశం మాత్రం దానికి లేదు.

మా ఊరివాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పశువైద్య కళాశాల మన బీదరులోనే, నందినగర్‌లో ఉంది. 2004 నాటి చట్టంతో ఏర్పడిన కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞానాల విశ్వవిద్యాలయానికి కేంద్రం కూడా అదే. పాడిబర్రెకు జబ్బుచేస్తే పరుగెత్తుతాం, కుక్కకు కూడానా అని సంకోచిస్తాం. ఆ సంకోచం అక్కర లేదు. దూరపు ఊళ్లవాళ్లు దగ్గరి పశువుల ఆసుపత్రికి వెళ్లినా, రక్తం పూసిన గాజుపలకను పరీక్షకు పంపించే వీలుందేమో అడగవచ్చు. కుక్కను మోసుకుపోలేని చోటికి పలక పోగలదు.

చివరిగా నాలుగు మాటలు మళ్లీ చెబుతాను. కుక్క ఒక రోజు తిండి మానేసి నలతగా ఉంటే పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, థర్మామీటరు పెట్టండి. మన మాత్రలు వేయకండి. వేడి, ఎండదెబ్బ, దిష్టి అని పేరు పెట్టకముందే ఒక చుక్క రక్తం పరీక్ష చేయించండి. మందు మొదలుపెడితే చివరి రోజు దాకా వాడండి. కుక్కకు మందు వేసిన రోజునే గోడకూ మందు వేయండి.

ఇప్పుడు మలేరియా పాఠం వచ్చినప్పుడు, రాస్ గురించి చెప్పాక రాణి గురించి కూడా చెబుతాను. నేను చేసిన పొరపాటు దాచను. కిందటి ఏడు ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు తన కుక్కను సైకిలు వెనక బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాళ్ల నాన్న నవ్వాడట, "కుక్కకు రక్తపరీక్షా" అని. పలకలో బబీసియా కనబడింది. కుక్క బతికింది. మరునాడు ఆ అబ్బాయి తరగతిలో లేచి నిలబడి ఆ సంగతి చెప్పాడు.